అనంతపురం మెట్టసీమ: పోషణలోప బాలల చికిత్స

చిక్కిపోయి జబ్బుపడ్డ పిల్లలను తల్లితో సహా ఆస్పత్రిలో ఉంచుకుని, మందులతో పాటు లెక్క ప్రకారం తిండి పెట్టి తేరుకునేలా చేసే వైద్యం ఇది. ఇప్పటి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మెట్ట నేలల్లో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ వేళకు రాదు; అందుకే ఇక్కడ కరువు, తిండి కొరత పాతవే.

పూర్వపు రాజుల కాలంలో కరువొస్తే దానధర్మాలు, లేదంటే వలస. 1800లో ఈ సీమ ఈస్టిండియా కంపెనీ వశమైంది. 1876–78 నాటి ధాత కరువు ఈ నేలను తుడిచిపెట్టింది. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. వేరు జిల్లా అయింది 1882లో. 1877లో భారత ప్రభుత్వ కరువు ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని రోజుకు పౌను ధాన్యం, కొద్దిపాటి డబ్బుకు కుదించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఆ తిండితో ఒళ్లు నిలవదని పట్టుబట్టి వాదించాడు. కొన్ని నెలలకే కూలి పెంచక తప్పలేదు. 1950ల తొలినాళ్ల కరువులో గంజి కేంద్రాలు వెలిశాయి.

ఒంటికి నీరు పట్టే పోషణలోప జబ్బుకు పేరు దొరికింది ఇక్కడ కాదు. 1933లో గోల్డ్‌కోస్ట్‌లో పనిచేస్తున్న సిసిలీ విలియమ్స్ దీన్ని వర్ణించింది. తర్వాత ఆమె వాడిన ‘క్వాషియోర్కర్’ అనే గా భాషా పదానికి, చెల్లో తమ్ముడో పుట్టాక పెద్ద బిడ్డకు వచ్చే జబ్బని అర్థం చెబుతారు. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పరిశోధనాలయం (1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ) డాక్టర్ సి. గోపాలన్ హయాంలో లోపం మాంసకృత్తులది ఒక్కటే కాదనీ, అసలు తిండే చాలడం లేదనీ చూపింది. అక్కడ పుట్టిన ‘హైదరాబాద్ మిక్స్’లో ఉన్నవి గోధుమలు, శనగలు, వేరుశనగ (బుడ్డలు), బెల్లం. వీటిలో బుడ్డలు అనంతపురం చేలలోనే విస్తారంగా పండేవి. కాయ మాత్రం నూనె మిల్లుకు పోయేది.

1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్డీటీ) ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలను నిలిపింది. 2000లో బత్తలపల్లిలో ఆస్పత్రి తెరిచింది. 1975 అక్టోబరు 2న దేశంలో మొదలైన ఐసీడీఎస్ ద్వారా అంగన్‌వాడీలు వచ్చాయి. తీవ్ర లోపానికి ఇన్‌పేషెంట్ వైద్యం ఎలా చేయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో, భారత ప్రభుత్వం 2011లో వివరించాయి. పోషకాహార పునరావాస కేంద్రాల (ఎన్నార్సీ) పద్ధతి ఇదే.

చేరిక పరీక్ష సులువు. ఆరు నెలలు దాటిన బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినా, రెండు పాదాలను బొటనవేలితో నొక్కితే గుంట పడి నిలిచినా ప్రమాదమే. ఒంటికి నీరు పట్టిన బిడ్డను ‘ఒళ్లు చేశాడు’ అనుకునే తల్లులు ఉంటారు. ఆకలితో వచ్చాడు కదా అని మొదటి రోజే కడుపు నిండా పెడితే గుండె తట్టుకోదు. అందుకే వంద మిల్లీలీటర్లకు 75 కిలోకేలరీలున్న పాలు రెండేసి గంటలకు, రాత్రిళ్లూ లేపి, గిన్నెతో, చెంచాతో తాగిస్తారు. సీసా వాడరు. ఐరన్ మందు కూడా మొదట ఇవ్వరు. ఆకలి తిరిగొచ్చాక వంద మిల్లీలీటర్లకు వంద కిలోకేలరీలున్న పాలు, ఆపై ఇంటి తిండి. చేరినప్పటి బరువుకు 15 శాతం పెరిగితే ఇంటికి పంపుతారు. రెండు మూడు వారాలు పట్టే ఈ బసలో కూలి పోతుంది గనుక తల్లికి రోజువారీ భత్యం ఇస్తారు. ఇంటికెళ్లాక పదిహేను రోజులకోసారి, నాలుగు సార్లు, బిడ్డను మళ్లీ తూకానికి తేవాలి.