వీడియో టేపు: కోత నుండి సేకరణ వరకు

నోటి నుండి వెలువడిన మాట, కంటి ముందు కదలిన దృశ్యం రెండూ క్షణంలో మాయమయ్యేవే. వాటిని నిలిపి ఉంచుకోవాలన్న కోరిక మనిషికి చాలా పాతది. మాటను నిలిపే టేపు ముందు వచ్చినది. దృశ్యాన్ని నిలిపే టేపు దాని అడుగుజాడలలో నడిచినది. అందువల్ల వీడియో టేపు చరిత్ర రేడియో శ్రోతలకు పరాయి కథ కాదు. పైగా ఆ కథ ఇప్పుడు మన ఇంటి బీరువాల దాకా వచ్చి నిలిచినది.

డెన్మార్కు దేశస్థుడు వాల్డెమార్ పౌల్సెన్ 1898లో ఉక్కు తీగ మీద ధ్వనిని అయస్కాంత శక్తితో ముద్రించే పద్ధతిని కనిపెట్టినాడు. 1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయిమర్ తీగకు బదులు, అయస్కాంత గుణం గల పొడి పూసిన కాగితపు పట్టీని వాడినాడు. 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో 'మాగ్నెటోఫోన్' అనే టేపు యంత్రం ప్రజల ముందుకు వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత జాక్ మలిన్ అనే అమెరికన్ ఇంజనీరు ఆ యంత్రాలను తన దేశానికి చేర్చినాడు. 1947లో గాయకుడు బింగ్ క్రాస్బీ తన రేడియో కార్యక్రమాన్ని టేపు మీద ముద్రించి ప్రసారం చేయించడంతో అమెరికా రేడియోలో టేపు యుగం ఆరంభమైనది.

ధ్వనిని పట్టిన టేపు దృశ్యాన్ని మాత్రం అంత సులభంగా పట్టలేదు. మన చెవికి వినబడే ధ్వని కంపనాలు సెకనుకు ఇరవై వేలకు మించవు. టెలివిజన్ బొమ్మకు సెకనుకు నలభై లక్షలైనా కావలెను. టేపును మహావేగంతో పరుగెత్తిస్తే సరిపోతుందని కొందరు భావించినారు. బి.బి.సి. వారు 1958లో చూపిన 'వేరా' యంత్రంలో టేపు సెకనుకు 200 అంగుళాలు పరుగెత్తేది. కాలిఫోర్నియాలోని ఆంపెక్స్ సంస్థలో చార్లెస్ గిన్స్‌బర్గ్ బృందం అంతకు ముందే మరొక ఉపాయం పన్నినది. టేపును సెకనుకు 15 అంగుళాల చొప్పున నెమ్మదిగానే నడిపి, ముద్రించే హెడ్లనే తిప్పినారు. రెండంగుళాల వెడల్పు గల టేపుకు అడ్డంగా నాలుగు హెడ్లు నిమిషానికి 14,400 సార్లు తిరిగేవి. తరువాతి కాలంలో ధ్వనిముద్రణలో పేరు గడించిన రే డాల్బీ అప్పుడు ఆ బృందంలోని యువకుడు. 1956 ఏప్రిల్ 14న షికాగోలో ఈ యంత్రాన్ని ప్రదర్శించినారు. అదే సంవత్సరం నవంబరు 30న సి.బి.ఎస్. సంస్థ టేపు మీది వార్తా కార్యక్రమాన్ని ప్రసారం చేసినది.

ముద్రించడం తెలిసినది, కూర్చడం ఎలాగన్నది తరువాతి ప్రశ్న. సినిమా ఫిల్మును వెలుతురుకు పట్టి చూస్తే బొమ్మ కనిపిస్తుంది, కత్తెర ఎక్కడ పడవలెనో తెలుస్తుంది. వీడియో టేపును ఎంత చూసినా గోధుమరంగు పూత తప్ప మరేమీ కనిపించదు. అందుచేత సన్నని ఇనుప రజను కలిపిన ద్రవాన్ని టేపుకు పూసేవారు. అయస్కాంత ముద్ర ఉన్నచోట రజను పేరుకొని సన్నని గీతలుగా తేలేది. ఆ గీతలను సూక్ష్మదర్శినితో చూచి, రెండు ఫ్రేముల నడుమ బ్లేడుతో కోసి, పల్చని లోహపు పట్టీతో అతికేవారు. చేయి తడబడితే బొమ్మ ఎగిరిపడేది. ఒకసారి కోసిన టేపు తిరిగి మొదటి స్థితికి వచ్చేది కాదు.

1960 దశకంలో బ్లేడుకు బదులు నకలు తీసే పద్ధతి వచ్చినది. ఒక యంత్రంలో మూలాన్ని నడిపి, కావలసిన భాగాన్ని రెండవ యంత్రంలోని టేపు మీదకు ఎత్తుకొనేవారు. ఈ పద్ధతిలో మూలానికి గాయం తగలదు. అయితే నకలుకు నకలు తీసిన కొద్దీ బొమ్మ మసకబారేది. ఆ దశకం చివర మరొక మేలు కలిగినది. ప్రతి ఫ్రేముకూ గంట, నిమిషం, సెకను, ఫ్రేము సంఖ్య అనే చిరునామాను టేపు మీదనే ముద్రించసాగినారు. దీనికి టైమ్‌కోడ్ అని పేరు. వీధిలో ఇంటి నంబరు వంటిది ఇది. నంబరు చెబితే యంత్రం తిన్నగా ఆ ఫ్రేము దగ్గరకు పోయి నిలుస్తుంది.

నంబరు తెలిసినా, టేపు చివర ఉన్న దృశ్యం కావాలంటే టేపంతా చుట్టక తప్పదు. 1971లో సి.బి.ఎస్., మెమొరెక్స్ సంస్థలు కలిసి రూపొందించిన సి.ఎం.ఎక్స్. 600 యంత్రం ఈ కష్టానికి విరుగుడు చూపినది. టేపులోని దృశ్యాలను ముందుగా అయస్కాంత డిస్కుల మీదకు ఎక్కించుకొంటే ఏ దృశ్యమైనా వెంటనే అందుతుంది. కూర్పరి కాంతికలంతో తెరను తాకి దృశ్యాల వరుస నిర్ణయించేవాడు. బొమ్మ నలుపు తెలుపులలోనే ఉండేది. డిస్కు పెట్టెలు మనిషి నడుము ఎత్తున ఉండేవి. వెల చూచి కొన్నవారు బహు కొద్దిమంది. కాని అందులోని ఆలోచన నిలిచినది. 1989లో మాకింతోష్ కంప్యూటరు ఆధారంగా వచ్చిన ఆవిడ్ యంత్రం దానినే వృత్తిలోని వారందరి అందుబాటుకు తెచ్చినది. టేపులోని దృశ్యాన్ని ఇలా కంప్యూటరులోకి తీసుకోవడాన్ని వృత్తిలోని వారు క్యాప్చరింగు అంటారు; మనం దృశ్యసేకరణ అనుకోవచ్చు.

సేకరణలో జరిగేది ఏమిటి? మన దేశంలో అనుసరించిన టెలివిజన్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కొక్క ఫ్రేముకు 625 గీతలు. వాటిలో 576 గీతలు మాత్రమే బొమ్మను మోస్తాయి. 1982లో అంగీకరించిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ప్రతి గీతను 720 బిందువులుగా విడదీసి, ఒక్కొక్క బిందువు వెలుగును, రంగును అంకెలుగా మారుస్తారు. ఈ లెక్కన సెకనుకు సుమారు రెండు కోట్ల బైట్లు అవుతాయి. అంత భారాన్ని నాటి చిన్న కంప్యూటర్లు మోయలేవు. 1995లో వచ్చిన డి.వి. కెమెరాలు బొమ్మను కెమెరాలోనే అంకెలుగా మార్చి, కుదించి, 6.35 మిల్లీమీటర్ల టేపు మీద ముద్రించినవి. ఒక గంట దృశ్యం కంప్యూటరులో సుమారు 13 గిగాబైట్ల చోటు తీసుకొనేది. ఫైర్‌వైర్ అనే ఒక్క తీగ గుండా బొమ్మ, ధ్వని, కెమెరాను నడిపే ఆజ్ఞలు కూడా ప్రయాణించేవి. 1999లో ఫైనల్ కట్ ప్రో వంటి సాఫ్ట్‌వేరు రావడంతో స్టూడియోలోని పని ఇంటి బల్ల మీదకు వచ్చినది. అంత జరిగినా ఒక నియమం మాత్రం మారలేదు. గంట టేపును సేకరించడానికి గంట పడుతుంది.

మన ప్రాంతంలో టెలివిజన్ 1975లో ఉపగ్రహ బోధనా ప్రయోగం ద్వారా కొన్ని పల్లెలకు చేరినది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ఆరంభమైనది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల నాటికి రంగుల ప్రసారాలు వచ్చినవి. ఆ తరువాత వీడియో యంత్రం పట్టణాలలో విస్తరించినది. పెండ్లికి ఫోటోగ్రాఫరుతో పాటు వీడియోగ్రాఫరును కూడా పిలవడం ఆచారమైనది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతల వేళ తల్లి కన్నీరు, నేడు మన మధ్య లేని తాతగారి నవ్వు అన్నీ వి.హెచ్.ఎస్. క్యాసెట్టులోకి చేరినవి. విదేశాలలో స్థిరపడిన మన వారు వాటి నకళ్లను వెంట తీసుకొనిపోయినారు.

టేపుకు మొదటి శత్రువు పొదుపు. తుడిచి మళ్లీ వాడుకోవచ్చునన్న సుగుణమే దానికి చేటు తెచ్చినది. బి.బి.సి. సంస్థ 1960, 1970 దశకాలలో అనేక కార్యక్రమాల టేపులను తుడిచివేసినది. 'డాక్టర్ హూ' ధారావాహికలోని పలు భాగాలు నేటికీ దొరకలేదు. 1969లో మానవుడు చంద్రునిపై కాలు మోపిన దృశ్యం తిన్నగా ముద్రితమైన మూల టేపులు తుడిచి తిరిగి వాడుకొనబడినవని 2009లో నాసా పరిశోధకులు తేల్చినారు. టెలివిజన్‌లో ప్రసారమైన నకళ్లు మిగిలినవి గనుక ఆ దృశ్యం మనకు దక్కినది.

రెండవ శత్రువు కాలం. అయస్కాంత పొడిని టేపుకు అంటించి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకొని క్రమంగా చెడిపోతుంది. ఉక్కపోసే కోస్తా ఊళ్లలో బూజు కూడా తోడవుతుంది. నడిపే యంత్రాలు సయితం కరువైనవి. జపానులోని ఫునాయి సంస్థ 2016లో వి.హెచ్.ఎస్. యంత్రాల తయారీ మానుకొన్నది. టేపులను కాపాడుకోవడానికి 2025వ సంవత్సరమే గడువని ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండారం 2015లోనే హెచ్చరించినది. ఆ గడువు దాటినంత మాత్రాన టేపులన్నీ ఒక్క దినంలో నశించవు. కాని ఆలస్యం చేసిన కొద్దీ దక్కేది తగ్గుతుంది.

ఒకనాడు కూర్పు సౌకర్యం కోసం పుట్టిన దృశ్యసేకరణ ఈనాడు టేపుకు ప్రాణరక్షణ అయినది. అందుచేత ఇంట్లో క్యాసెట్లు ఉన్నవారు కొన్ని జాగ్రత్తలు పాటించడం మంచిది. బూజు పట్టిన టేపును యంత్రంలో పెట్టరాదు. తెలిసినవారి చేత శుభ్రం చేయించవలెను. క్యాసెట్టు వీపున ఉన్న చిన్న ప్లాస్టిక్ బిళ్లను విరిచివేస్తే పొరపాటున దాని మీద మరొకటి ముద్రితం కాదు. కావలసిన ముక్కలను మాత్రమే ఏరుకోక టేపునంతా మొదటి నుండి చివరి దాకా సేకరించవలెను. పాత టేపు రెండవసారి నడుస్తుందన్న భరోసా లేదు. సేకరించినదానిని వేర్వేరు చోట్ల రెండు ప్రతులుగా ఉంచి, మూల టేపును పారవేయక దాచవలెను.

మరొక పని యంత్రం చేయగలిగినది కాదు. తెర మీద కనిపించే పెద్దలు ఎవరెవరో గుర్తుపట్టగలవారు ఇంకా ఇంట్లో ఉండగానే, వారిని పక్కన కూర్చోబెట్టుకొని పేర్లు, ఊళ్లు, తేదీలు కాగితం మీద వ్రాసుకోవలెను. టేపు నడిచే ఆ గంట కాలం అందుకు చక్కగా సరిపోతుంది.