నేలకు ఆనని మడమలు

సియోల్‌లో పాత జపాన్ రాయబార కార్యాలయం ఉన్న చోటికి ఎదురుగా, పేవ్‌మెంట్ మీద ఒక కంచు పిల్ల కుర్చీలో కూర్చుని ఉంటుంది. అడ్డదిడ్డంగా తెగిన జుట్టు, భుజమ్మీద పిట్ట, ఒళ్లో బిగించిన పిడికిళ్లు. కాళ్లకు చెప్పుల్లేవు. వంగి చూస్తే గానీ తెలియదు, మడమలు నేలకు ఆనలేదు.

అసలు అక్కడ పెట్టాలనుకున్నది బొమ్మ కాదు, చిన్న రాయి.

1991 ఆగస్టు 14న కిమ్ హాక్ సున్ అనే పెద్దావిడ, పదిహేడేళ్ల వయసులో జపాన్ సైన్యం తనను లైంగిక బానిసగా ఉంచిందని సొంత పేరుతో, ముఖం దాచుకోకుండా చెప్పారు. యుద్ధం ముగిసి అప్పటికి 46 ఏళ్లు. అన్నాళ్లూ చెప్పనిది ఆమెకు నోరు లేక కాదు, చెబితే తలెత్తుకు తిరగనిచ్చే వీధి లేక. 1992 జనవరి 8న, ఒక బుధవారం, రాయబార కార్యాలయం ముందు నిరసన మొదలైంది. ఆ తరవాత ప్రతి బుధవారం.

1995లో జపాన్ ఇలాంటి బాధితుల కోసం ఒక నిధి పెట్టింది. చట్టరీత్యా లెక్కలన్నీ 1965లో కొరియాతో చేసుకున్న ఒప్పందంతోనే తేలిపోయాయట, ఇది నైతిక బాధ్యత మాత్రమేనట. మనిషికి 20 లక్షల యెన్‌లు, అదీ ప్రజల చందాల్లోంచి. ప్రభుత్వ సొమ్ము వైద్య, సంక్షేమ ఖర్చులకే. చందాలు వేసిన సామాన్యులను తప్పుపట్టలేం. కానీ సైన్యం చేసినదానికి పౌరుల ముందు డబ్బా పెట్టి ప్రభుత్వం పక్కకు జరిగితే ఎలా? కొరియాలో చాలామంది అవ్వలు ఆ డబ్బు ముట్టలేదు.

2011లో కిమ్ ఉన్ సంగ్ అనే శిల్పి ఆ నిరసన చూసి, నావల్ల ఏమవుతుందని నిర్వాహకులను అడిగాడు. వెయ్యో బుధవారానికి ఒక స్మారక శిల అనుకుంటున్నామన్నారు. రాయి ఎందుకు, పిల్లనే కూర్చోబెడదామన్నారు అతనూ, భార్య కిమ్ సియో క్యుంగ్. మొదటి నమూనాలో చేతులు ఒద్దికగా ఉన్నాయి. విగ్రహం వద్దని జపాన్ నుంచి ఒత్తిడి వచ్చాక అవి పిడికిళ్లయ్యాయి. 2011 డిసెంబరు 14న ప్రతిష్ఠించారు. పిల్ల వెనక నేల మీద పరుచుకున్న నీడ మాత్రం నడుం వంగిన ముసలమ్మది. పక్కన ఒక ఖాళీ కుర్చీ.

ఇక ఆ మడమలు. ఇంటికి తిరిగొచ్చినా ఆ అమ్మాయిలు సొంత ఊళ్లో కాలు ఊని బతకలేకపోయారు. అంటే ఆ మడమలు వేలెత్తి చూపేది జపాన్‌ను కాదు, కొరియానే. ఎదుటివాడిని నిలదీయడానికి పెట్టిన బొమ్మలో తమ తప్పునీ చెక్కడం! నాకు ఈ విగ్రహం మీద గౌరవం అక్కడే పుట్టింది.

2012లో కిమ్ బోక్ దోంగ్, గిల్ వోన్ ఓక్ అనే ఇద్దరు బాధితులు, తమకు పరిహారమంటూ వస్తే యుద్ధాల్లో అత్యాచారాలకు గురైన స్త్రీలకే ఇచ్చేస్తామన్నారు. అలా పుట్టిన ‘సీతాకోకచిలుక నిధి’ కాంగో స్త్రీలకూ, వియత్నాం స్త్రీలకూ అందింది. వియత్నాం యుద్ధంలో ఆ పాపం కొరియా సైనికులది.

ఆ శిల్పుల జంటే తరవాత బిడ్డను పొదువుకున్న వియత్నాం తల్లిని చెక్కింది. కొరియా సేనలు ఊచకోత కోసిన పౌరుల గుర్తుగా 2017లో జెజు దీవిలో దాన్ని నిలిపారు.

1968 నాటి ఒక ఊచకోతలో ప్రాణాలతో బయటపడిన వియత్నాం మహిళకు పరిహారం ఇవ్వాలని 2023 ఫిబ్రవరిలో సియోల్ కోర్టు తీర్పిచ్చింది. కొరియా ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది.