చేవెళ్ళ, మొయినాబాదు ద్రాక్షపందిళ్ళు

నోట పడగానే రసమూరే కవిత్వానికి మన ఆలంకారికులు ద్రాక్షాపాకమని పేరు పెట్టారు. అమరకోశం ఈ పండును మృద్వీక అనీ, గోస్తని అనీ కూడా పేర్కొన్నది. పదంతో మనకు అంతటి ప్రాచీన పరిచయం. కాని భాగ్యనగరానికి పడమట, చేవెళ్ళ, మొయినాబాదు నేలల్లో ఆ తీగ పాకిన చరిత్ర మాత్రం ఇటీవలిది.

హైదరాబాదు రాజ్యంలో ద్రాక్షసాగు ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలో, నిజాముల ఆదరణతో వేళ్ళూనింది. ఇక్కడ పేరుకెక్కిన రకం అనాబ్-ఎ-షాహి, అనగా రాచద్రాక్ష. రాతి కడీలు పాతి, ఇనుప తీగలు అల్లి, తలకెత్తు పందిరి వేస్తారు. చలిదేశాల్లో ద్రాక్షతీగ శీతకాలమంతా నిద్రిస్తుంది; మన ఎండలకు దానికి నిద్రే లేదు. అందుచేత వేసవిలో ఒకమారు, అక్టోబరు ప్రాంతాన మరొకమారు కత్తిరించాలి. మొదటిది కొమ్మ కోసం, రెండవది కాయ కోసం. రెండు కత్తిరింపులకు పంట ఒక్కటే.

ఐరోపా ద్రాక్షతోటల చరిత్రను సీసా కాపాడింది. దానిపై తోట పేరు, పంట సంవత్సరం నిలిచి ఉంటాయి. మన రాచద్రాక్షకు ఆ యోగం లేదు. దాని రసంలో తీపిసారం నూటికి 14–16 పాళ్ళు. వైన్‌కు సాధారణంగా ఇరవైకి పైగా కావాలి. అది తినే పండు. గంపకెక్కి, బజారుకు చేరి, ఆ ఋతువుతోనే ముగిసిపోయింది.

తోటలు తరగడానికి కారణాలు పలు. అనాబ్-ఎ-షాహికి బూజు తెగులు సులభంగా సోకుతుంది. పైగా అది గింజల పండు, అంగడి గింజలేని రకాలను కోరింది. అన్నిటినీ మించి నగరం దరిచేరి నేల ధర పెరిగింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకై 1996లో వెలువడిన 111వ జీవో కట్టడాలపై ఆంక్షలు పెట్టింది. అది చెరువుల కోసం పుట్టిన ఉత్తర్వు. పందిళ్ళను నిలపడం దాని పని కాదు. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ 69వ జీవో వచ్చింది. పందిళ్ళుండిన నేలల్లో నేడు విశ్రాంతి గృహాలు, పెళ్ళి మండపాలు వెలిశాయి.

సీసాలో దాచలేని చరిత్రను అక్షరంలోనైనా దాచుకోవాలి. ఆ పందిళ్ళ కింద కత్తెర పట్టిన చేతులు ఇంకా మన మధ్య ఉన్నాయి. మీ ఊరి పెద్దలను అడిగి తోటల పేర్లు, కత్తిరింపు పనిలో వాడిన మాటలు రాసిపెట్టండి. నిఘంటువులకెక్కని ఆ పలుకుబడి తోటలతోపాటే అంతరించకూడదు.