ఆదివారం పూట బందరు

సెలవులు అనగానే మనకు ఊటీ, కొడైకెనాల్, కాశ్మీరు గుర్తొస్తాయి. అంత డబ్బూ, అన్ని రోజులూ కుదరక ఆ కోరిక ఏడాదికేడాది వాయిదా పడుతూ ఉంటుంది. ఆదివారం మాత్రం వారం వారం వస్తూనే ఉంటుంది. అదీ తలంట్లతో, ఉతుకులతో, ఇస్త్రీ బట్టలతో తెల్లారిపోతుంది. అందుకని ఈవేళ దగ్గర ఊరొకటి చెబుతాను. విజయవాడ నుంచి 70 కిలోమీటర్లు. అదే మచిలీపట్నం, మన వాడుకలో బందరు.

"బందరులో ఏముందండీ, లడ్డూ తప్ప?" అంటారేమో! ఆ పేరులోనే కథ ఉంది. పారశీకంలో బందర్ అంటే రేవు. గోలకొండ సుల్తానుల రాజ్యానికి సముద్రంవైపు వీధివాకిలి ఈ ఊరే. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ దిగి వర్తకం మొదలుపెట్టారు. మద్రాసు కోటకు ఇంగ్లీషువారు స్థలం సంపాదించింది 1639లో. అంటే మద్రాసు కంటే బందరే వారికి పెద్దక్క అన్నమాట. 1750లో ఈ ఊరు ఫ్రెంచివారి చేతికి వెళ్లింది. 1759లో ఇంగ్లీషువారు కోట పట్టుకున్నారు.

ఇంతమంది ఎందుకు కొట్లాడుకున్నారు? ముఖ్యంగా బట్ట కోసం! మన కలంకారీ కోసం. తెల్లబట్టను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపి తడిపి ఆరేస్తారు. పాలలోని కొవ్వు రంగును పక్కకి పాకనివ్వదు. ఇనుమూ బెల్లమూ నీళ్లలో ఊరవేస్తే వచ్చే ద్రవం, కరక్కాయ పట్టిన బట్టకు తగిలితే నల్లబడుతుంది. ఎరుపు కావాలంటే పటిక అద్ది, రంగునిచ్చే వేళ్లతో, చెక్కలతో ఉడికిస్తారు. పటిక తగిలిన చోటే రంగు నిలుస్తుంది. ఆలోచిస్తే ఇదంతా మన వంటింటి విద్యే కదూ!

ఎన్ని ఉతుకులైనా వెలవని ఈ రంగులు చూసి యూరపు ఆడవాళ్లు మోజుపడ్డారు. అక్కడి నేతగాళ్లు తమ పొట్ట కొడుతున్నారని గోలపెట్టారు. 1686లో ఫ్రాన్సు, 1721లో ఇంగ్లండు మన దేశపు అద్దకపు బట్టలను నిషేధించాయి. ఒక చీటీ గుడ్డకు జడిసి చట్టాలు చేశారంటే, ఆ పనితనం ఎంతటిదో మీరే ఊహించండి. తర్వాత అదే ఇంగ్లండు నుంచి మిల్లుబట్ట వచ్చి మన అద్దకంవారి నోటిదగ్గర కూడు లాగేసింది.

పైగా సముద్రం కూడా పగబట్టింది. 1864 నవంబరు 1 రాత్రి తుపానులో ఉప్పెన ఊరి మీద విరుచుకుపడింది. సుమారు 30,000 మంది పోయారు. ఎన్ని ఇళ్లలో దీపం పెట్టే దిక్కు లేకుండా పోయిందో తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

అయినా బందరు చతికిలపడలేదు. 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల ఇక్కడే పుట్టాయి. 1923లో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు స్థాపించిందీ ఇక్కడే. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

కాబట్టి ఒక ఆదివారం పులిహోర కట్టుకుని పిల్లల్ని తీసుకుని బయలుదేరండి. డచ్చివారి సమాధుల తోట, బందరుకోటలో మిగిలిన కట్టడాలు చూపించండి. సాయంత్రం మంగినపూడి సముద్రతీరం. వెళ్లేదారిలో పామర్రు దగ్గర పక్కకి తిరిగితే నాట్యానికి పేరిచ్చిన కూచిపూడి.

దగ్గర్లోని పెడనలో కలంకారీ చీర కొనేటప్పుడు మాత్రం ఒక్క ప్రశ్న అడగటం మరిచిపోకండి: "ఇది చెక్క అచ్చుతో చేత్తో అద్దిందేనా?" అని. అచ్చుకీ అచ్చుకీ మధ్య వెంట్రుకవాసి తేడా కనిపిస్తే అది లోపం అనుకోకండి. అది మనిషి చేతి గుర్తు. మిషను గుడ్డ నాలుగు రూపాయలు చవకే. కానీ మనం అడగటం మానేస్తే, ఆ అచ్చులు అటకెక్కుతాయి. యూరపు చట్టాలు చంపలేని విద్యను మన బేరాలతో మనమే చంపుకోవద్దు సుమా!