మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో అంత్యకాల సంరక్షణ

నయం కాని జబ్బుతో మంచాన పడ్డ మనిషికి నొప్పి, ఆయాసం తగ్గించి, దిగులు పంచుకునే సేవే ఉపశమన సంరక్షణ. ఆస్పత్రుల్లో దీన్ని పాలియేటివ్ కేర్ అంటున్నారు. ఈ మాట పుట్టకముందే ఆ పని మదనపల్లె పక్కన జరిగింది. అక్కడ దాన్ని వైద్యమనే అన్నారు.

అనేక క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో తలపెట్టిన యూనియన్ మిషన్ క్షయ శానటోరియానికి ఆరోగ్యవరం అని పేరు. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ తొలి సూపరింటెండెంటు. దాదాపు 700 మీటర్ల ఎత్తు, పొడిగాలి చూసి ఈ చోటు ఎంచుకున్నారు. అప్పటికి క్షయకు మందు లేదు. గాలి, తిండి, విశ్రాంతి, జబ్బు పడ్డ ఊపిరితిత్తి ముడుచుకునేలా రొమ్ములోకి గాలి ఎక్కించడం, అంతే. తెరిచిన వరండాలో మంచం, ఉమ్మికి మూత ఉన్న కప్పు, పూటపూటకూ జ్వరం రాసే చార్టు. జబ్బు ముదిరాక వచ్చినవాళ్లకు పరిచర్యే మిగిలేది. ఇంట్లో చెంబూ పళ్లెమూ వేరుపెట్టే రోజుల్లో, దగ్గితే జడుసుకోని మనుషుల మధ్య ఉండడం చిన్న విషయం కాదు.

మదనపల్లెలో ఆడవాళ్లకు ఆర్కాట్ మిషన్ వారి మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రి ఉండేది. పుంగనూరుకు అదే మిషన్ డిస్పెన్సరీ.

1944లో క్షయకు మందు స్ట్రెప్టోమైసిన్ వెలువడింది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, మందులు సరిగా వేసుకుంటే ఇంట్లో ఉన్నా శానటోరియంలో ఉన్నా ఫలితం దాదాపు ఒకటేనని 1959లో తేల్చింది. రోగి ఇంటికి మళ్లాడు, ఆరోగ్యవరం మెల్లగా సాధారణ ఆస్పత్రి అయింది.

కానీ క్యాన్సర్ రోగికి ఇంటికి వెళ్లమనడం వేరే సంగతి. వేలూరులోనో బెంగళూరులోనో "ఇంక లాభం లేదు, తీసుకుపోండి" అన్నాక మొదలయ్యే నొప్పికి మార్ఫిన్ కావాలి. మామూలు మాత్ర నాలుగు గంటలకోసారి వేయాలి, దానితోపాటు మలబద్ధకానికీ మందివ్వాలి. 1985 మాదకద్రవ్యాల చట్టం వచ్చాక లైసెన్సుల చిక్కులతో మార్ఫిన్ దొరకడమే గగనమైంది. 2014 సవరణ ఆ ముడిని కొంత విప్పింది. వెంటిలేటరు వద్దని ముందే రాసిపెట్టే హక్కును సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది. ఆ పత్రానికి మేజిస్ట్రేటు సంతకం అక్కర్లేదు, నోటరీ చాలునని 2023లో తేలిక చేసింది.

కుప్పంలో మరో చిక్కుంది: భాష. తెలుగు, తమిళం, కన్నడం కలిసే ఊరు. "నొప్పి పదికి ఎంత?" అన్న ప్రశ్న పెద్దవాళ్లకు ఏ భాషలోనూ ఎక్కదు. "రూపాయికి పావలా తగ్గింది నాయనా" అంటారు. చార్టులో దాన్ని ఏడున్నర అని రాసుకోవడం డాక్టరు పని.