తనను తాను కోసుకున్న ఆర్‌ఎన్‌ఏ

ప్రోటీన్ తయారీకి డీఎన్‌ఏలోని సమాచారం కావాలి. డీఎన్‌ఏకు నకలు తీయాలంటే ప్రోటీన్లు కావాలి. మరి ముందు పుట్టింది ఏది? సమాచారం మోయడం, నకలు తీయడం అనే రెండు పనులూ తొలినాళ్లలో ఆర్‌ఎన్‌ఏయే చేసి ఉండవచ్చని 1960ల చివర కార్ల్ వోస్, ఫ్రాన్సిస్ క్రిక్, లెస్లీ ఆర్గెల్ ఊహించారు. అప్పటికి ఆధారం లేదు.

అది ఎవరూ వెతకని చోట దొరికింది. కొలరాడో విశ్వవిద్యాలయంలో థామస్ చెక్ బృందం టెట్రాహైమెనా అనే మంచినీటి ఏకకణజీవిని పరిశోధిస్తోంది. దాని ఆర్‌ఎన్‌ఏ మధ్యలోంచి ఇంట్రాన్ అనే ముక్కను కోసి తీసే ఎంజైమ్ ఏదో తేల్చాలి. తీరా చూస్తే, కణసారం కలపని గొట్టంలోనూ కోత జరిగిపోతోంది! ఏదో ప్రోటీన్ అంటుకుని ఉందేమోనన్న అనుమానం మిగిలింది. దాన్ని వాళ్లు తీర్చుకున్న తీరే ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. జన్యువును బాక్టీరియా ప్లాస్మిడ్‌లో చేర్చి, బాక్టీరియా ఎంజైమ్‌తో గొట్టంలోనే ఆర్‌ఎన్‌ఏ తయారుచేసి శుద్ధి చేశారు. టెట్రాహైమెనా కణంలో ఎన్నడూ లేని ఆ ఆర్‌ఎన్‌ఏ మెగ్నీషియం, గ్వానోసిన్ అనే చిన్న అణువు అందగానే ఇంట్రాన్‌ను వదిలించుకుని కొసలు అతికించుకుంది. 1982లో ఈ ఫలితం వెలువడింది. అలాంటి ఆర్‌ఎన్‌ఏకు రైబోజైమ్ అని పేరు పెట్టారు. సిడ్నీ ఆల్ట్‌మన్ మరో రైబోజైమ్‌ను చూపారు. 1989 నోబెల్ ఇద్దరికీ దక్కింది.

అయితే తనను ఒక్కసారి కోసుకుంటే ఎంజైమ్ అయిపోదు. చెక్ ప్రయోగశాల ఇంట్రాన్ మొదట్లోని 19 న్యూక్లియోటైడ్లు (ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని లంకెలు) తొలగిన రూపాన్ని తీసుకుని, అది ఇతర ఆర్‌ఎన్‌ఏలపై పదేపదే పనిచేస్తుందని 1986లో నిరూపించింది. 1990లో జెరాల్డ్ జాయిస్ అదే ఇంట్రాన్‌ను గొట్టంలో పరిణామం చెందించి డీఎన్‌ఏను కోయించాడు. 1993లో డేవిడ్ బార్టెల్, జాక్ షోస్టాక్ ప్రకృతిని అడగడమే మానేశారు. సుమారు 10¹⁵ యాదృచ్ఛిక ఆర్‌ఎన్‌ఏల నుంచి అతికించే రైబోజైములను ఏరారు. వాటిలో ఒకదాని వంశంలోదే 2011లో కేంబ్రిడ్జ్‌లో ఫిలిప్ హోలిగర్ బృందం తీర్చిన రైబోజైమ్. అది 95 న్యూక్లియోటైడ్ల దాకా నకలు తీసింది. దాని సొంత పొడవు మాత్రం సుమారు 200.

ఈ విజయాలు జీవం ఇలాగే పుట్టిందని రుజువు చేయవు. ఎంపిక చేసిందీ, శుద్ధమైన ముడిసరుకు అందించిందీ మనుషులే. అంతకంటే గట్టి సాక్ష్యం మన కణాల్లోనే ఉంది: ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌లో అమైనో ఆమ్లాలను కలిపే కేంద్రం ఆర్‌ఎన్‌ఏయేనని 2000లో స్ఫటిక నిర్మాణం చూపింది.

ఈ ఊహకు ఒక చిక్కు మెగ్నీషియం దగ్గర ఉంది. నకలుకు అది ఎక్కువ మోతాదులో కావాలి. ఆ మోతాదే ఆర్‌ఎన్‌ఏను విరగ్గొడుతుంది, తొలి కణాల పొరగా ఊహిస్తున్న కొవ్వు ఆమ్లాలనూ చెదరగొడుతుంది. సిట్రేట్ కలిపితే పొర నిలుస్తుందని, లోపల ఎంజైమ్ లేకుండానే ఆర్‌ఎన్‌ఏ నకలు సాగుతుందని 2013లో షోస్టాక్ ప్రయోగశాల చూపింది. ఆదిమ భూమి మీద అంత సిట్రేట్ ఎక్కడిదో ఇంకా తేలాలి.