సమీక్షకులకు ప్రత్యుత్తరం

పరిశోధన పత్రికకు పంపిన వ్యాసంపై అదే రంగ నిపుణులు లేవనెత్తిన అభ్యంతరాలకు, సవరించిన ప్రతితో పాటు రచయిత రాసి పంపే సమాధాన పత్రం ఇది. తుది నిర్ణయానికి ముందు సంపాదకుడు దీన్ని కూడా చూస్తారు.

పద్ధతి సూటిగా ఉంటుంది. ప్రతి వ్యాఖ్యనూ వరుస సంఖ్యతో ఉన్నదున్నట్టు దించి, దాని కిందే జవాబు రాస్తారు. ‘నమూనా ఎంపిక ఎలా జరిగిందో చెప్పలేదు’ అంటే, ‘7వ పేజీ, 12వ పంక్తిలో చేర్చాం’ అని. ఒప్పుకోని చోట మౌనం పనికిరాదు. కారణం, ఆధారం చూపాలి. ఇద్దరు సమీక్షకులు చెరోవైపు లాగితే, ఎవరి మాట ఎందుకు పాటించారో సంపాదకుడికి వివరించాలి.

విమర్శ మహామహులకూ రుచించకపోవచ్చు. గురుత్వ తరంగాలు లేవంటూ ఐన్‌స్టీన్, నాథన్ రోజెన్ 1936లో ‘ఫిజికల్ రివ్యూ’కు వ్యాసం పంపారు. సంపాదకుడు జాన్ టేట్ దాన్ని సమీక్షకు ఇచ్చి, వచ్చిన అభ్యంతరాలను రచయితలకు పంపారు. అచ్చు కాకముందే ఇతరులకు చూపించడానికి తాము అనుమతి ఇవ్వలేదంటూ ఐన్‌స్టీన్ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఆ అజ్ఞాత సమీక్షకుడు హోవార్డ్ రాబర్ట్‌సన్. తర్వాత ప్రిన్స్‌టన్‌లో ఐన్‌స్టీన్ సహాయకుడు ఇన్‌ఫెల్డ్‌కు ఆయనే పొరపాటును విడమరిచి చెప్పారు. 1937లో ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ పత్రికలో వ్యాసం వెలువడేసరికి ముగింపు మారిపోయింది. ఆ తరంగాలను లైగో అనే ప్రయోగశాల పరికరాలు 2015లో నేరుగా పసిగట్టాయి.